జాన్ దక్కింది సరే, మరి నీంద్ సంగతేంది?

"కేన్సర్ నుంచి బయటపడ్డవ్ కదా, శుక్ర్ చెయ్. ఆవిర్లదేముంది, అవే పోతయ్."

రొమ్ము కేన్సర్ ఇలాజ్ పూర్తి చేసుకుని ఇంటికొచ్చిన ఆడవాళ్లు మన ఖాందాన్లలో వినే మాట ఇది. అనేవాళ్లు దుష్మన్లేం కారు. సాస్ అంటది, నన్ద్ అంటది, ఒక్కోసారి కన్నతల్లి కూడా అంటది. వాళ్ల దిల్‌లో మంచే ఉంటుంది. కానీ ఆ మాట పడ్డాక ఆ మనిషి మళ్లీ నోరు తెరవదు. రాత్రి రెండింటికి లేచి, పసీనాతో తడిసిన కమీజ్ మార్చుకుని, ఫ్యాన్ కింద కూర్చుని ఫజర్ అజాన్ కోసం ఎదురుచూస్తుంది. పొద్దున్నే అందరికీ చాయ్ పెడుతుంది. జాన్ దక్కినందుకు శుక్ర్ చేసిన నోటితో నిద్ర పట్టట్లేదని చెప్తే నాశుక్రీ అనుకుంటారేమోనని డర్.

హుస్నాబాద్‌లో, చుట్టుపక్కల ఊళ్లల్లో ఈ ఖామోషీని నేను చాలా ఇళ్లల్లో చూశాను. జర్నలిస్టును కాబట్టి మగవాళ్లు నాతో పాలిటిక్స్ మాట్లాడతారు. ఆడదాన్ని కాబట్టి ఆడవాళ్లు వంటింట్లోకి పిలిచి అసలు సంగతులు మాట్లాడతారు. ఈ రాత అక్కడి ముచ్చట్ల నుంచి పుట్టింది. పేర్లు రాయను, ఆనవాళ్లూ ఇవ్వను. వాళ్ల ఇజ్జత్ వాళ్ల అమానత్.

ఎవరి గురించి రాస్తున్నానో ముందే సాఫ్‌గా చెప్తాను. మహీనా బంద్ అయ్యాకో, గర్భసంచితో పాటు అండాశయాలు తీసేయించుకున్నాకో ఒంట్లో మంటలు లేచి, డాక్టరు రాసిన హార్మోన్ గోలీలు వాడుతున్న ఆడవాళ్లు కొందరుంటారు. గోలీలతో ఆరాం దొరుకుతుంది. తర్వాత ఎప్పుడో రొమ్ములో గడ్డ బయటపడుతుంది. కేన్సర్ అని తేలగానే డాక్టరు హార్మోన్ గోలీ బంద్ చేయిస్తారు. సరైన పనే. కానీ ఆ గోలీ ఆపుతున్న తక్లీఫ్ చాలామందికి వాపస్ వస్తుంది. పైనుంచి కీమో, కేన్సర్ మళ్లీ రాకుండా ఇచ్చే గోలీలు ఆ మంటను ఇంకా పెంచుతాయి. హార్మోన్ ఎప్పుడూ వాడనివాళ్లకు కూడా కీమోతో మహీనా ఒక్కసారిగా బంద్ అయి ఇదే హాల్ రావచ్చు. మన దేశంలో రొమ్ము కేన్సర్ పశ్చిమ దేశాల కంటే చిన్న వయసులోనే కనిపిస్తోంది కాబట్టి, ఇలాంటివాళ్లలో నలభై దాటనివాళ్లు కూడా ఉంటారు.

నా మాట ఒక్కటే. హార్మోన్ గోలీ ఆపమనడం సగం ఇలాజ్. దాని బదులు ఏం చేయాలన్నది మిగతా సగం. ఆ సగం ఆడదాని హక్. సబర్ చెయ్ అనే మాటతో ఆ హక్‌ను ఎగ్గొట్టలేం.

ముందు జబాన్ సంగతి. నేను ఉర్దూ మీడియంలో చదువుకున్నాను, డిగ్రీ తెలుగులో చేశాను. ఉర్దూలో ఈ వయసును సిన్-ఎ-యాస్ అంటారు. యాస్ అంటే నిరాశ. సంతానం మీద ఇక ఉమ్మీద్ లేని వయసని పాత అర్థం. తెలుగు పుస్తకాల్లో రుతువిరతి. విరతి అంటే ఆగడం, విశ్రాంతి. ఒక భాష నిరాశ అంటే ఇంకో భాష విశ్రాంతి అంటోంది. హుస్నాబాద్ ఆడవాళ్లు మాత్రం ఈ రెండిట్లో ఏదీ అనరు. "మహీనా బంద్ అయింది" అంటారు, అదీ గొంతు తగ్గించి. పేరు పెట్టి పిలవలేని మర్జ్‌కి దవా అడగడం కష్టం. అందుకే కూతుళ్లకు, కోడళ్లకు, అవసరమైతే కొడుకులకు కూడా ఈ లఫ్జ్‌లు తెలియాలి: మెనోపాజ్, వేడి ఆవిర్లు, హార్మోన్.

మన దేశంలో మహీనా ఆగే వయసు సగటున 46-47 ఏళ్లు. మన తెలంగాణలో చాలామందికి అంతకంటే ముందే కత్తి పడుతుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి దాదాపు ముగ్గురికి గర్భసంచి తీసేశారు. తెలంగాణలో నూటికి ఎనిమిది మందికి పైనే. గర్భసంచి ఒక్కటే తీస్తే హార్మోన్ వెంటనే ఆగదు. అండాశయాలు కూడా తీస్తే రాత్రికి రాత్రే ఆగిపోతుంది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషికి యాభై ఏళ్ల తక్లీఫ్ ఒక్క ఆపరేషన్‌తో వచ్చి పడుతుంది. ఆ ఆపరేషన్‌లో ఏం తీశారు, ఏం ఉంచారు అని అడిగితే చాలామంది ఆపాలకు జవాబు తెలీదు. డిశ్చార్జ్ కాగితం సందూక్‌లో ఎక్కడో ఉంటుంది. ఈ రాత చదివాక మీరు చేయాల్సిన మొదటి పని ఆ కాగితం వెతకడం.

ఇప్పుడు హార్మోన్ గోలీ మీద ఉన్న ఇల్జామ్ చూద్దాం. "ఆ గోలీలు మింగే కేన్సర్ తెచ్చుకుంది" అని ఇంట్లోవాళ్లు అనడం విన్నాను. 2002లో అమెరికాలో ఒక పెద్ద పరీక్షను మధ్యలో ఆపేశారు. అందులో 16,608 మంది ఆడవాళ్లున్నారు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన గోలీ వాడినవాళ్లలో ఏడాదికి 10,000 మందిలో 38 మందికి రొమ్ము కేన్సర్ వచ్చింది. ఉత్తుత్తి గోలీ వాడినవాళ్లలో 30 మందికి వచ్చింది. తేడా ఎనిమిది. ఉన్న తేడాను దాచకూడదు, లేని భయం పెంచనూ కూడదు. గోలీ వాడకపోయినా 30 మందికి వచ్చింది కదా. అందుకే ఫలానా ఆపాకు ఆ గోలీతోనే వచ్చిందని ఎవ్వరూ కచ్చితంగా చెప్పలేరు. మంటలతో అల్లాడి, డాక్టరు రాసిన దవా వేసుకున్న మనిషి ఏ గునాహ్ చేసింది? ఇలాజ్ మీద ఉన్న మనిషి నెత్తిన ఈ నింద కూడా పెట్టడం జుల్మ్.

అయితే కేన్సర్ వచ్చాక లెక్క మారుతుంది. రొమ్ము కేన్సర్లలో సగానికి పైగా ఈస్ట్రోజెన్‌ను మేతగా తిని పెరిగేవి. అలాంటివాళ్లకు హార్మోన్ గోలీ మళ్లీ ఇవ్వొచ్చా అని స్వీడన్‌లో హ్యాబిట్స్ అనే పేరుతో పరీక్ష చేశారు. 2003 చివర్లో దాన్నీ ఆపేశారు. అప్పటికి వివరాలు అందిన 345 మందిలో, హార్మోన్ తీసుకున్న గుంపులో 26 మందికి కేన్సర్ మళ్లీ కనిపించింది. తీసుకోని గుంపులో ఏడుగురికే కనిపించింది. అదే రోజుల్లో స్టాక్‌హోమ్‌లో నడిచిన ఇంకో పరీక్షలో అంత తేడా రాలేదు గానీ, జాన్‌తో పందెం కాసే ధైర్యం డాక్టర్లు చేయలేదు. టిబోలోన్ అనే గోలీని కూడా 3,000 మందికి పైగా పేషెంట్లలో పరీక్షించారు. 2009లో లెక్క తేలింది: వాడినవాళ్లలో నూటికి దాదాపు 15 మందికి, వాడనివాళ్లలో దాదాపు 11 మందికి కేన్సర్ తిరగబెట్టింది. అందుకే డాక్టరు ఆపమన్నప్పుడు ఆపాలి. పాత చీటీ పట్టుకుని మెడికల్ షాపులో మళ్లీ తెచ్చుకోవద్దు.

ఇక్కడే ఒక గడ్‌బడ్ జరుగుతుంది. ఈ రాతలో ఇంకేం గుర్తుండకపోయినా ఇది గుర్తుంచుకోండి. "హార్మోన్ గోలీ" అని మనం రెండు వేర్వేరు గోలీలను పిలుస్తున్నాం. ఒకటి ఒంటికి హార్మోన్ ఇచ్చేది, ఆవిర్ల కోసం వాడేది. కేన్సర్ వచ్చాక ఆపాల్సింది దాన్ని. రెండోది హార్మోన్‌ను అడ్డుకునేది. టమాక్సిఫెన్, లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ ఈ జాతివి. కేన్సర్ మళ్లీ రాకుండా అయిదేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం ఇస్తారు. ఒకటి చెట్టుకు నీళ్లు పోసేది, ఇంకోటి నల్లా బంద్ చేసేది. పెద్ద దవాఖానలో "హార్మోన్ వాడొద్దు" అన్నారని, ఇంటికొచ్చి టమాక్సిఫెన్ ఆపేసే ప్రమాదం ఉంది. పేరు ఒకటే కదా!

తెలిసి ఆపేసేవాళ్లూ ఉన్నారు. రెండో రకం గోలీ నల్లా బంద్ చేస్తుంది కాబట్టి ఆవిర్లు పెరుగుతాయి. రాత్రిళ్లు జాగారం, పొద్దున చిరాకు, పిల్లల మీద అరవడం, మళ్లీ తనే ఏడవడం. "ఈ గోలీతోనే నాకు ఈ తిప్పలు" అని ఒకరోజు ఆ పత్తాను అల్మారాలో పడేస్తుంది. ఇంట్లో చెప్పదు. డాక్టరు అడిగితే వేసుకుంటున్నా అంటుంది. హార్మోన్‌తో పెరిగే కేన్సర్‌కు టమాక్సిఫెన్ అయిదేళ్లు పూర్తిగా వాడితే, మొదటి పదిహేనేళ్లలో ఆ కేన్సర్‌తో చనిపోయే ఖతరా దాదాపు మూడో వంతు తగ్గుతుందని వేల మంది పేషెంట్ల లెక్కలు చెప్తున్నాయి. అంతటి దవా అల్మారాలో పడి ఉంటుంది. "ఆవిర్లదేముంది" అన్న మాట ఖీమత్ ఇది. నిద్ర లేకపోవడం చిన్న తక్లీఫ్ అనుకుంటాం గానీ, అది జాన్ కాపాడే గోలీనే మాన్పించగలదు.

ఇంకా, అవే పోతాయన్న మాటకూ ఒక హద్దుంది. అమెరికాలో ఏళ్ల తరబడి ఆడవాళ్లను గమనించిన ఒక స్టడీ 2015లో చెప్పిందేమంటే, ఆవిర్లు తరచుగా వచ్చేవాళ్లలో సగం మందికి అవి ఏడేళ్లకు పైనే ఉన్నాయి. ఏడేళ్లు సబర్ చెయ్యమని మనం ఏ మగవాడికి చెప్పాం? పంటి నొప్పికి ఏడు రోజులు ఆగుతామా?

మరి ఇలాజ్ ఉందా? ఉంది. హార్మోన్ లేని దవాలు ఉన్నాయి. అన్నీ డాక్టరు చీటీతోనే. నేను పేర్లు చెప్పేది మీరు కొనుక్కోవడానికి కాదు, అడగడానికి.

వెన్లాఫ్యాక్సిన్ ఒకటి. కేన్సర్ నుంచి బయటపడ్డ ఆడవాళ్ల మీద దాన్ని పరీక్షించి 2000 సంవత్సరంలో ఫలితాలు చెప్పారు. 75 మిల్లీగ్రాముల మోతాదుతో ఆవిర్ల బాధ 61 శాతం తగ్గింది. ఉత్తుత్తి గోలీతో 27 శాతం తగ్గింది. బీపీ చూసుకుంటూ వాడాలి, ఒక్కసారిగా ఆపకూడదు. గాబాపెంటిన్ ఇంకోటి. నరాల నొప్పులకు ఇచ్చే గోలీ ఇది. రాత్రి వేసుకుంటే నిద్రకు కూడా మేలు. మత్తు, తల తిరగడం ఉండొచ్చు. మూత్రం ఆపుకోలేనివాళ్లకు ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ కూడా ఆవిర్లను తగ్గిస్తుంది. నోరు ఎండిపోతుంది. కొత్తవి కూడా వస్తున్నాయి. మెదడులో ఒంటి వేడిని చూసుకునే భాగం ఉంటుంది. హార్మోన్ తగ్గగానే దాని లెక్క తప్పి, ఒళ్లు చల్లగా ఉన్నా కాలిపోతోందని పసీనా పట్టిస్తుంది. సరిగ్గా అక్కడే పనిచేసే ఫెజోలినెటాంట్‌కు 2023లో, ఎలిన్‌జానెటాంట్‌కు 2025లో అమెరికా అనుమతిచ్చింది. మొదటిదానితో లివర్ మీద నిఘా ఉండాలి. రెండోదాన్ని రొమ్ము కేన్సర్ గోలీలు వాడుతున్న ఆడవాళ్ల మీదే ప్రత్యేకంగా పరీక్షించి, ఆవిర్లు తగ్గాయని చూపించారు. అంటే దునియాలో డాక్టర్లు ఈ తక్లీఫ్‌ను "అదే పోతది" అని వదిలేయలేదు.

ఒక ముఖ్యమైన ఖబర్దార్. వెన్లాఫ్యాక్సిన్ జాతిలోనే పారోక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ అనే గోలీలున్నాయి. టమాక్సిఫెన్ ఒంట్లో పనిచేసే రూపంలోకి మారకుండా ఇవి అడ్డుపడతాయి. కాబట్టి ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, తలనొప్పికి వెళ్లినా సరే, "నేను టమాక్సిఫెన్ మీద ఉన్నాను" అని ముందే చెప్పాలి.

వెన్లాఫ్యాక్సిన్‌తో మన దగ్గర వచ్చే చిక్కు వేరు. మెడికల్ షాపు పిలగాడు పత్తా చేతిలో పెడుతూ "ఇది డిప్రెషన్ గోలీ కదా, ఎవరికి?" అంటాడు. అంతే, ఆ ఆపా ఇంటికొచ్చి గోలీ ముట్టదు. పాగల్ దవా అని ముద్ర పడుతుందని, రేపు బేటీకి రిష్తా రాదని ఫికర్. గోలీ మీద రాసిన పని ఒకటైతే, డాక్టరు దాన్ని వాడే పని ఇంకోటి కావచ్చు. ఆస్ప్రిన్ నొప్పికీ ఇస్తారు, దిల్‌కీ ఇస్తారు. మొహల్లాలో చదువుకున్న పిల్లలు ఈ ఒక్క మాట ఇంట్లో అమ్మీకి, అబ్బాకు సమ్‌ఝాయిస్తే ఎన్ని పత్తాలు చెత్తబుట్టలో పడకుండా ఆగుతాయో!

గోలీలు వద్దనుకునేవాళ్లకు కూడా ఒక తోవ ఉంది. లండన్‌లో రొమ్ము కేన్సర్ ఇలాజ్ అయిన 96 మంది ఆడవాళ్లతో ఒక పరీక్ష చేశారు. వాళ్లలో సగం మందిని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, వారానికి ఒకసారి గంటన్నర చొప్పున ఆరు వారాలు, ఆవిరి వచ్చినప్పుడు మనసును ఎలా పట్టుకోవాలో, నిద్రను ఎలా సర్దుకోవాలో, ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పారు. సీబీటీ అంటారు దీన్ని. 2012లో ఫలితం చెప్పారు: ఆవిర్ల వల్ల కలిగే పరేషానీ బాగా తగ్గింది, ఆ ఫాయిదా నెలల తర్వాత కూడా నిలిచింది. నాకు ఇది చదివినప్పుడు మన ఆడవాళ్ల ఇజ్తెమాలు యాద్‌కొచ్చాయి. వారానికోసారి ఓ ఇంట్లో పదిమంది కూర్చుంటారు. చాయ్ ఉంటుంది, పర్దా ఉంటుంది, భరోసా ఉంటుంది. ఆ కూర్చునే చోటికి నెలకోసారి ఒక నర్సమ్మనో, కౌన్సెలర్‌నో పిలిస్తే ఏం పోతుంది? ఇంకేమీ నేర్పకపోయినా, "నాకొక్కదానికే కాదా?" అన్న ఒక్క మాటతో ఎంత బోజ్ దిగుతుందో ఆడవాళ్లకు తెలుసు.

ఇక దేసీ ఇలాజ్‌లు. కలోంజీ, మెంతులు, సోయా, హకీం సాబ్ మాజూన్, ఆన్‌లైన్‌లో వచ్చే "లేడీస్ టానిక్"లు. కూరలో, రోటీలో వాడేంతవరకు ఏ భయమూ లేదు. సోయా తిండిగా తినొచ్చు. కానీ కొన్ని మొక్కల్లో ఈస్ట్రోజెన్ లాగా నడిచే గుణం ఉంటుంది. వాటిని గట్టిగా చేసి క్యాప్సూల్‌లో, మాజూన్‌లో రోజూ తింటే, బంద్ చేసిన నల్లాను ఇంకో చేత్తో తెరిచినట్టు కావచ్చు. హకీం సాబ్ దగ్గరికి వెళ్లొద్దని అనను. వెళ్తే కేన్సర్ కాగితాలు చూపించి మాట్లాడండి. అక్కడ తీసుకున్న డబ్బాను కేన్సర్ డాక్టరుకూ చూపించండి. దాచిన దవా ఎప్పటికైనా నుఖ్సానే. కాటన్ బట్టలు, పడకకు కిటికీ దగ్గర జాగా, పక్కన చల్లటి నీళ్లు, మిర్చీ చాయ్ తగ్గించడం లాంటివి ఆవిర్లను ఆపుతాయని పరీక్షల్లో గట్టిగా తేలలేదు. ఆరాం అనిపిస్తే చేసుకోండి, నష్టం లేదు. బరువు ఎక్కువున్నవాళ్లు తగ్గితే మాత్రం ఆవిర్లకు ఫాయిదా ఉంది.

దీన్‌కు సంబంధించిన సవాళ్లు కూడా ఆడవాళ్లు నన్ను అడుగుతారు. పసీనాతో వుజూ పోదు, బట్టలు నాపాక్ కావు. రాత్రంతా తడిసిన మనిషి నమాజ్ వదిలేయాల్సిన పని లేదు. రమజాన్‌లో టమాక్సిఫెన్, లెట్రోజోల్ లాంటివి రోజుకొక్కసారి వేసే గోలీలు కాబట్టి సహర్‌కో, ఇఫ్తార్‌కో మార్చుకోవచ్చేమో డాక్టరును అడగండి. రోజా కోసం నెలంతా గోలీ మానేయడం తప్పు. రోజా చేయలేని బీమార్‌కు దీన్‌లోనే రిఆయత్ ఉంది. ఇంకొకటి చాలా నాజూక్ సంగతి. మహీనా బంద్ అయ్యాక, టమాక్సిఫెన్ వాడుతుండగా, మళ్లీ ఖూన్ కనిపిస్తే కొందరు అది హైజా, ఇస్తిహాజానా అని మస్లా అడిగి ఊరుకుంటారు. నమాజ్ కోసం ఆ మస్లా అడగాల్సిందే. కానీ అంతకంటే ముందు డాక్టరు దగ్గరికి పోవాలి. టమాక్సిఫెన్ కొందరిలో గర్భసంచి లోపలి పొర మీద అసర్ చూపిస్తుంది. అరుదుగా అక్కడ కేన్సర్ కావచ్చు. ఒక్క చుక్క కనిపించినా ఆగొద్దు. ఆలిమ్ సాబ్‌లు, ఆలిమాలు కూడా ఈ సవాల్ వచ్చినప్పుడు "ముందు దవాఖానకు పో బేటీ" అనాలని నా దర్ఖాస్త్. దవా చేసుకోమని మన రసూల్ సల్లల్లాహు అలైహి వసల్లం తాకీదు చేశారు. సబర్ అన్నది దవా చేసుకున్నాక కూడా మిగిలే తక్లీఫ్ మీద.

ఇప్పుడు మగవాళ్లతో రెండు మాటలు. భాయ్‌సాబ్, మీ ఘర్‌వాలీ పక్క మార్చిందంటే, దగ్గరికి రానివ్వట్లేదంటే, అది మీ మీద నఫ్రత్ అనుకోవద్దు. హార్మోన్ తగ్గితే ఆ భాగం పొడిబారిపోతుంది. కలయిక నొప్పి అవుతుంది. ఆ నొప్పి ఆమె మీకు చెప్పదు, మీరు అడగరు. ఇద్దరి మధ్యన గోడ లేస్తుంది. దీనికీ ఇలాజ్ ఉంది. హార్మోన్ లేని తేమ జెల్లులు వారానికి రెండు మూడుసార్లు వాడేవి ఉన్నాయి. కలయిక వేళకు నీటితో చేసిన జెల్లులు ఉన్నాయి. ఇవి మెడికల్ షాపులో దొరుకుతాయి. అక్కడ పూసే ఈస్ట్రోజెన్ క్రీము మాత్రం కేన్సర్ డాక్టరు మష్వరా లేకుండా వద్దు, ముఖ్యంగా లెట్రోజోల్ లాంటి గోలీలు వాడేవాళ్లు. ఆ జెల్లు మెడికల్ షాపుకు పోయి తెచ్చే పని మీది. హయా ఈమాన్‌లో భాగమే. బీవీ నొప్పిని పట్టించుకోకపోవడం మాత్రం హయా అనిపించుకోదు.

ఎముకలు ఇంకో ఫికర్. లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ ఎముకల బలం తగ్గిస్తాయి. మన ఆడవాళ్లలో ఎండ తగలక విటమిన్ డి తక్కువ ఉండటం మామూలే. ఎముకల సాంద్రత చూసే డెక్సా పరీక్ష ఎప్పుడు చేయించాలో అడగండి. కాల్షియం, విటమిన్ డి అడగండి. రోజూ అరగంట నడవండి. పెద్దమ్మాయిని తోడు తీసుకుని మగ్రిబ్‌కు ముందు నడిస్తే ఎవరూ ఏమనరు. అన్నా నడవండి.

ఇదంతా ఎక్కడ అడగాలి? 2023 మార్చి 8న మన కరీంనగర్‌లోనే ఆరోగ్య మహిళ పథకం మొదలైంది. మొదట రాష్ట్రంలో వంద ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, ప్రతి మంగళవారం ఆడవాళ్లకే క్లినిక్ అన్నారు. అందులో చేస్తామన్న ఎనిమిది రకాల సేవల జాబితాలో రొమ్ము కేన్సర్ పరీక్ష ఉంది. మెనోపాజ్ సమస్యలకు హార్మోన్ థెరపీ, కౌన్సెలింగ్ కూడా ఉన్నాయి. ఆ లఫ్జ్ సర్కారు కాగితం మీద కనబడటమే నాకు ఖుషీ అనిపించింది. కానీ ఆ జాబితా చూసినప్పుడల్లా నా సవాల్ ఒకటే. ఒక లైన్‌లో కేన్సర్, ఇంకో లైన్‌లో మెనోపాజ్. రెండు లైన్లలోనూ ఉన్న ఆడమనిషి ఎటు పోవాలి? ఆమెకు రెండో లైన్‌లోని హార్మోన్ దవా హరామ్ లాంటిది. ఆమె కోసం హార్మోన్ లేని గోలీలు, జెల్లు, ఎముకల పరీక్ష, మాట్లాడే ఒక మనిషి కావాలి. ఈ నాలుగూ ఒక్క చోట దొరికేలా చేయడం పెద్ద ఖర్చు పని కూడా కాదు. వెన్లాఫ్యాక్సిన్, గాబాపెంటిన్ పాత దవాలు, కొత్త గోలీల ధర ఉండదు. అడిగేవాళ్లు లేకనే దొరకట్లేదు.

హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ దవాఖాన మన జిల్లాల గరీబ్ పేషెంట్లకు పెద్ద ఆసరా. 1955లో మొదలైన ఆ దవాఖాన పేరులో ఉన్నది మెహదీ నవాజ్ జంగ్. మనవాళ్లలో చాలామందికి ఆ పొట్టి అక్షరాల వెనక ఆ పేరుందని తెలీదు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. హుస్నాబాద్ నుంచి పోయి రావడానికి కిరాయి లేదన్న బహానా పోయింది. మిగిలింది షరమ్ ఒక్కటే. అంత దూరం పోయి, లైన్‌లో గంటలు నిలబడి, డాక్టరు ముందు రెండు నిమిషాలు కూర్చున్నప్పుడు ఆ షరమ్ నోరు నొక్కేస్తుంది. "ఇంకేమన్నా తక్లీఫ్ ఉందా?" అంటే "లేదు సార్" అని లేచి వచ్చేస్తారు.

అందుకే కాగితం మీద రాసుకుని పోండి. తెలుగులోనో, ఉర్దూలోనో, చదువు రాకపోతే పిల్లలతో రాయించుకుని. నేను ఇంతకుముందు వాడిన హార్మోన్ గోలీ పేరు ఇది. నా కేన్సర్ హార్మోన్‌తో పెరిగేదేనా? ఇప్పుడు నేను వాడే ఈ గోలీ హార్మోన్ ఇచ్చేదా, అడ్డుకునేదా? రాత్రి ఇన్నిసార్లు లేస్తున్నాను, హార్మోన్ లేని దవా ఏదైనా రాస్తారా? అది నా కేన్సర్ గోలీకి అడ్డం రాదు కదా? లోపల పొడిబారింది, ఏం వాడాలి? ఎముకల పరీక్ష ఎప్పుడు? ఖూన్ కనిపిస్తే ఎవరికి ఫోన్ చేయాలి? నోటితో అడగడానికి షరమ్ అయితే ఆ కాగితం డాక్టరు టేబుల్ మీద పెట్టండి. చదువుకుంటారు.

ఇంట్లో కేన్సర్ ఇలాజ్ అయిన అమ్మీ గానీ, ఖాలా గానీ, భాభీ గానీ ఉంటే, ఈ జుమాకు మీరొక పని చేయండి. ఆమె పక్కన కూర్చుని, "రాత్రి నిద్ర పడుతుందా?" అని అడగండి. పడుతుందనే అంటుంది. ఇంకోసారి అడగండి.